పాయింట్ 22 రైఫిల్‌లో రౌండ్ పెట్టే ముందు, పెట్టాక

"ఖాళీగానే ఉందిరా, తీసుకో" అని ఎవరైనా రైఫిల్ చేతికిస్తే ముందు బోల్ట్ (బ్యారెల్‌ని వెనక నుంచి మూసే కడ్డీ) తెరవండి. ఎన్‌సీసీలో ఉన్నప్పుడు ఒకసారి నాకు అలాగే ఇచ్చారు. ఇచ్చినవాడు అబద్ధం చెప్పలేదు, వాడు నిజంగానే ఖాళీ అనుకున్నాడు, కానీ బోల్ట్ వెనక్కి లాగితే కాల్చని రౌండ్, అంటే తూటా, ఒకటి ఎగిరి గడ్డిలో పడింది. నాకు చాలాసేపు చేతులు వణికాయి. కొత్తవాళ్లు గురి ఎలా పెట్టాలని అడుగుతారు, నేను మాత్రం ముందు లోడింగే నేర్పిస్తాను, ప్రతిసారీ ఒకే వరసలో.

నేను చెప్పేది షూటింగ్ రేంజ్‌లో వాడే బోల్ట్ యాక్షన్ పాయింట్ 22 గురించి, అంటే ప్రతి షాట్‌కీ బోల్ట్ చేత్తో తెరిచి మూసే 0.22 అంగుళాల రైఫిల్.

మొదటి రౌండ్‌కి ముందే బోల్ట్ తీసేసి, వెనక నుంచి బ్యారెల్‌లోకి చూడండి. అవతలి వెలుతురు గుండ్రంగా కనిపించాలి. నిన్న క్లీన్ చేసినప్పుడు చిక్కుకున్న గుడ్డపీలికో, ఎక్కువైన నూనో ఉంటే ఇప్పుడే దొరుకుతుంది. ముందువైపు నుంచి మాత్రం ఎప్పుడూ చూడొద్దు. తర్వాత బ్యారెల్ మీద చెక్కిన రౌండ్ పేరూ రౌండ్ల డబ్బా మీద పేరూ కలుస్తున్నాయో లేదో చదవండి. 22 లాంగ్ రైఫిల్ అనే రౌండ్ వేరు, 22 మ్యాగ్నమ్ రౌండ్ వేరు.

ఎన్‌సీసీలో "భర్" (నింపు) అనేదాకా, పోటీల్లో "లోడ్" లేదా "స్టార్ట్" అనేదాకా రౌండ్ ముట్టుకోవద్దు, ఛాంబర్‌లోని (బ్యారెల్ వెనక రౌండ్ కూర్చునే గదిలోని) సేఫ్టీ ఫ్లాగ్, అంటే రైఫిల్ ఖాళీ అని చూపించే రంగు గుర్తు, తీయొద్దు. ఆ మాట వినపడ్డాక బ్యారెల్ టార్గెట్ వైపే ఉంచి, చూపుడువేలు ట్రిగ్గర్ గార్డ్ బయట చాచి, ఒక్క రౌండే తీసుకోండి. ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) రైఫిల్ పోటీల్లో కూడా ఒక షాట్‌కి ఒక రౌండే పెట్టాలి, ప్రాక్టీసులోనూ అదే అలవాటు చేసుకుంటే మంచిది. సీసం కొన వంకరపోయిందా, అంచు నొక్కుకుందా అని ఒక్క చూపు చూడండి. కింద పడిన రౌండ్ పెట్టొద్దు, దాని మీద మైనం పూత ఉంటుంది, ఇసుక ఇట్టే అంటుకుంటుంది, ఆ ఇసుక నేరుగా బ్యారెల్‌లోకి పోతుంది.

రౌండ్ ఛాంబర్ నోట్లో పెట్టాక, ఇక బోల్ట్. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. మెల్లగా, ఆగకుండా ముందుకి తోయండి. అడ్డుపడితే అరచేత్తో కొట్టకండి! పాయింట్ 22 రౌండ్‌లో మంట రాజేసే మందు మధ్యలో ఉండదు, వెనక అంచు చుట్టూ లోపల ఉంటుంది. బోల్ట్ పూర్తిగా మూసుకోకముందే ఆ అంచు నలిగితే రౌండ్ అక్కడే పేలొచ్చు, ఇత్తడి ముక్కలు మీ మొహం మీదికే వస్తాయి. అడ్డుపడినప్పుడు బోల్ట్ వెనక్కి లాగి, ఆ రౌండ్ పక్కన పెట్టి, ఛాంబర్‌లో మైనం, మసి పేరుకున్నాయేమో చూడండి. చాలాసార్లు కారణం అదే. లోపల ఇరుక్కుపోతే చాకుతోనో స్క్రూడ్రైవర్‌తోనో పెకిలించకుండా రేంజ్ ఆఫీసర్‌ని పిలవండి. కళ్లద్దాలు, చెవులకి ప్లగ్గులు మొదటి నుంచే ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

ట్రిగ్గర్ నొక్కితే "టక్" మని ఊరుకుందా? రైఫిల్ దించొద్దు, బోల్ట్ తెరవొద్దు. ఆలస్యంగా పేలే రౌండ్లు ఉంటాయి కాబట్టి బ్యారెల్ టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి, మనసులో కాకుండా పైకే లెక్కపెట్టండి, టెన్షన్‌లో అంకెలు పరుగెడతాయి. దీనికంటే నన్ను భయపెట్టేది ఇంకొకటి ఉంది, పేలింది గానీ శబ్దం నీరసంగా వచ్చి టార్గెట్ మీద చిల్లు పడకపోవడం. బుల్లెట్ బ్యారెల్‌లోనే ఆగిపోయి ఉండొచ్చు. ఇంకో రౌండ్ పెడితే బ్యారెల్ ఉబ్బిపోవచ్చు, పగలొచ్చు కూడా. అక్కడితో ఆపేసి రైఫిల్ చెక్ చేయించండి, పోటీలో ఉన్నా సరే.

ట్రిగ్గర్ కదలకుండా ఆపే సేఫ్టీ క్యాచ్ ఉంది కదా అని ధీమా పడొద్దు, అదీ అరిగే ఇనుప ముక్కే.

"ఖాలీ కర్" అనగానే బోల్ట్ తెరిచి, కళ్లతో చూసి, తర్వాత చిటికెనవేలితో ఛాంబర్ అంచు తడమండి. అలసిపోయిన కళ్లు చూడాలనుకున్నదే చూస్తాయి. ఫ్లాగ్ పెట్టాకే లేవండి. ఖోఖాలు (పేలాక మిగిలిన ఖాళీ తొడుగులు), మిగిలిన రౌండ్లు కలిపి తీసుకున్న లెక్కకి సరిపోవాలి, ఒకటి తగ్గినా వెతకాల్సిందే. మిగిలినవి వాటి డబ్బాలోనే పెట్టండి, జేబులో వేసుకోవద్దు, ఎండలో నిలిపిన కార్లో వదలొద్దు. వేళ్లకి సీసం అంటి ఉంటుంది, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే టిఫిన్ బాక్స్ తెరవండి.