కారం మిల్లులో సరుకు కదులుతోంది, డబ్బే నిలవడం లేదా? సమస్య - పరిష్కారం

గుంటూరు చుట్టుపక్కల చిన్న కారం మిల్లుల లెక్కలు చూడటం నా పని. ఓనర్లు చెప్పే బాధలు ఊరు మారినా దాదాపు ఇవే. కింద వేసిన ధరలు, తరుగులు లెక్క అర్థం కావడానికి అనుకున్నవి. మీ మిర్చి యార్డు చీటీలో ఉన్న ధర, మీ కాటా చూపించిన తూకం వేసి మళ్లీ కట్టుకోండి.

సమస్య: అమ్మకం పెరిగింది, ఓడీ (బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ బాకీ) మాత్రం తగ్గడం లేదు

ఎక్కువసార్లు కారణం ఒకటే. కిలో కారం ఎంతకి పడుతోందో తప్పుగా కడుతున్నారు. ఓనరు నోటిలెక్క ఇలా ఉంటుంది: "యార్డులో 160కి కొన్నాను, మర ఖర్చు 12, ప్యాకింగ్ 10, మొత్తం 182. హోల్‌సేల్‌లో 195కి వేస్తే 13 మిగిలినట్టే కదండీ." వినడానికి బాగానే ఉంది. కానీ ఆయన కొన్నది ఎండుమిర్చి కాయ, అమ్ముతున్నది పొడి.

100 కిలోల కాయ యార్డు కాటా నుంచి జల్లెడ దాకా ఏమవుతుందో చూద్దాం. కాయ ధర 16,000. యార్డు ఖర్చులు, హమాలీ, బండి బాడుగ కలిపి 400. ముచ్చికలు తీస్తే 6 కిలోలు పోయాయి. తాలు (రంగు పోయిన నాసి కాయ) ఏరితే 4 కిలోలు. ఎండలో తేమ రూపంలో ఇంకో 4. దుమ్ము, మర చుట్టూ ఎగిరిపోయింది ఒక కిలో. జల్లెడ కింద మిగిలింది 85 కిలోలు. తాలు కిలో 70 చొప్పున అమ్మితే 280 వెనక్కి వచ్చాయి. 16,120ని 85తో భాగిస్తే 189 రూపాయల 65 పైసలు. మర స్విచ్చి వేయకముందే 160 కాస్తా 190 అయి కూర్చుంది. మర ఖర్చు, ప్యాకింగ్ కలిపితే 212. అంటే 195కి అమ్మిన ప్రతి కిలో మీద 17 రూపాయలు చేతి నుంచి పడుతున్నాయి. అమ్మకం పెరిగితే ఓడీ తగ్గుతుందా మరి?

పరిష్కారానికి కంప్యూటర్ అక్కర్లేదు, లాట్ కార్డు చాలు. ఒక్కో లాటుకి, అంటే ఒకసారి కొన్న సరుకుకి, ఒక అట్టముక్క. దాని మీద తేదీ, రకం, కమీషన్ ఏజెంటు, నాలుగు తూకాలు: సరుకు దిగినప్పుడు, ముచ్చికా తాలూ తీశాక, ఎండాక, జల్లెడ పట్టాక. పది పదిహేను లాట్లు అయ్యేసరికి ఎవరి దగ్గర కొన్న కాయ 100 కిలోలకి 87 కిలోల పొడి దిగుతోందో, ఎవరిది 82 దగ్గరే ఆగిపోతోందో కనపడుతుంది. కిలో 157కి దొరికిందని సంబరపడ్డ కాయ 82 దిగితే ఖర్చులతో కలిపి పొడి 196కి పడుతుంది. 160 పెట్టిన కాయ 87 దిగితే 188.50కే పడుతుంది. తాలు డబ్బు రెండింట్లోనూ కలపలేదు.

ఓసారి ఒక మిల్లులో లాటు 93 దిగింది. ఓనరు అందరికీ మిఠాయి తెప్పించారు. తీరా చూస్తే డ్రమ్ము బరువు తీసేయడం మర్చిపోయారు.

దిగుబడి కోసం ఎండ తగ్గించే ఆలోచన మాత్రం వద్దు. కారంపొడిలో తేమ 11 శాతం దాటకూడదని ఆహార భద్రతా నిబంధన. పైగా తేమ పొడి గడ్డకట్టి, వానాకాలంలో షాపుల నుంచి తిరిగొస్తుంది.

సమస్య: కోల్డ్ స్టోరేజీ నిండా టిక్కీలు (మిర్చి బస్తాలు), కూలీలకి ఇవ్వడానికి డబ్బులేదు

సీజన్లో ధర తక్కువని ఏడాదికి సరిపడా ఒకేసారి కొనేస్తారు. 50 టన్నులు, కిలో 160 చొప్పున 80 లక్షలు. 10 శాతం వడ్డీకి నెలకి 66,600 పైచిలుకు, అంటే కిలోకి రూపాయి 33 పైసలు. ఆరు నెలలు ఉంచితే 8 రూపాయలు, కోల్డ్ స్టోరేజీ అద్దె దీనికి అదనం. ధర అంతకు మించి పెరగకపోతే ముందే కొని సాధించిందేమీ లేదు.

మే నెలలో యార్డుకి వేసవి సెలవులు ఇస్తారు కాబట్టి ఆ రోజులకి సరిపడా సరుకు ఉండాల్సిందే. దాని మీద వానాకాలానికి కొంత, మీ రోజువారీ మర లెక్కన. ఆ పైన కొన్నది సరుకు కాదు, ధర మీద పందెం. పందెం వేయొద్దని నేననను, గుంటూరులో ఉండి ఆ మాట అంటే నవ్వుతారు. మిల్లు లాభం, నిల్వ లాభం రెండూ కలిపేయొద్దంటాను. నిల్వలోంచి మరకి తీసిన కాయకి ఆ రోజు యార్డు ధర వేయండి. మిల్లు నిజంగా సంపాదిస్తోందా, లేక నిల్వ ధర పెరిగి మిల్లు నష్టాన్ని కప్పుతోందా అన్నది ఆ నెలే బయటపడుతుంది. నేను చూసిన వాటిలో రెండోదే ఎక్కువ.

నిల్వ ఉంచితే కాయగానే ఉంచండి. పొడిలో రంగు త్వరగా దిగిపోతుంది, ఆర్డరు చూసుకుని మర వేయాలి. తేజ, 334, బ్యాడిగి రకాల మిర్చి ఒకే వరసలో పేర్చితే రంగు కోసం కొన్న బ్యాడిగి ఘాటు సరుకులో కలిసిపోతుంది. పాత లాటు ముందు, కొత్తది వెనక.

సమస్య: పుస్తకంలో ఒకటి, గోడౌన్లో ఇంకొకటి

దొంగతనమని ముందే సూపర్‌వైజర్ని అనుమానించకండి. 100 గ్రాముల ప్యాకెట్లు పది తీసి తూచండి. సగటున 103 ఉంటే టన్నుకి 30 కిలోలు ఉచితంగా పోతున్నట్టు, మన 212 లెక్కన 6,360 రూపాయలు. తక్కువ పడితే తూనికలు కొలతల వాళ్లతో తలనొప్పి కాబట్టి ఆపరేటర్ ఎక్కువకే పెడతాడు, అతని తప్పు కాదు. గంటకోసారి పది ప్యాకెట్లు తూచి గోడ మీద చార్టులో రాయించండి.

మిగతా తేడా శాంపిల్ ప్యాకెట్లది, వాపసు వచ్చినవాటిది. వాటికి చీటీ ఉండదు. చీటీ లేకుండా గేటు దాటకూడదని పెట్టి, సాయంత్రం గోడౌన్ బోర్డు ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకుంటే చాలు. సాఫ్ట్‌వేర్ తర్వాత కొనొచ్చు. చీటీ రాయని చోట అదీ ఏమీ చెప్పదు. అటక మీద పాత చిరునామాతో అచ్చయి పడి ఉన్న ప్యాకింగ్ ఫిల్మ్ రోల్స్‌నీ స్టాకులో రాసి, ఈ ఏడాదే నష్టం కింద కొట్టేయండి.

కరెంటు బిల్లు: యూనిట్లు కేవీఏహెచ్‌లో (పనికి రాని కరెంటునీ కలిపే లెక్క) ఉంటే కెపాసిటర్లు (దాన్ని తగ్గించే పరికరాలు) పనిచేస్తున్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కరెంటులో పనికొచ్చిన వంతు) పడిపోతే వాడని దానికీ కడుతున్నట్టే.

సమస్య: సరుకిచ్చి మూడు నెలలైంది, డబ్బు రాలేదు

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకి కేంద్రం ఇచ్చే నమోదు) ఉందా? సూక్ష్మ, చిన్న పరిశ్రమలకి 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం కొన్నవాళ్లు రాత ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో కట్టాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్లు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ లెక్కన. రోజూ మొహం చూసే హోల్‌సేలర్ మీద ఎవరూ కేసు వేయరు, నాకూ తెలుసు. అయినా బిల్లు కింద ఉద్యమ్ నంబరు, గడువు తేదీ అచ్చు వేయించండి. గడువు దాటితే వాళ్ల ఆదాయపు పన్నులో ఆ కొనుగోలు ఖర్చు మీకు డబ్బు కట్టిన ఏడాదికే చెల్లుతుంది కాబట్టి, మార్చి నెలాఖరులో వాళ్ల ఆడిటరే ఫోన్ చేసి కట్టమంటాడు.