నాస్తికులా, అజ్ఞేయవాదులా: మీ సంగతి మీరే తేల్చుకోవడం ఎలా

"దేవుణ్ణి నమ్ముతావా?" అని ఎవరైనా అడిగితే "ఏమో, తెలియదు" అనేసి తప్పుకుంటున్నారా? అయితే ఒక కాగితం తీసుకుని రెండు ప్రశ్నలు విడివిడిగా రాయండి. దేవుడు ఉన్నాడని నమ్ముతున్నానా? ఉన్నాడో లేడో నాకు తెలుసా? నాస్తికత్వం మొదటి ప్రశ్నకు జవాబు, అజ్ఞేయవాదం రెండోదానికి. అజ్ఞేయవాది అంటే గోడ మీద పిల్లి అనుకునేవాళ్లు ఈ రెండిటినీ కలిపేస్తున్నారు, చిక్కంతా అక్కడే వస్తోంది.

ముందు మొదటి ప్రశ్న. "దేవుడు ఉన్నాడని నమ్మను", "దేవుడు లేడని నమ్ముతాను". ఈ రెండు వాక్యాలూ పైకి చదివి చూడండి. మొదటి మాట మీలో ఆ నమ్మకం లేదని మాత్రమే చెబుతుంది. రెండోది అన్నారంటే కారణాలు చూపించాల్సిన బాధ్యత మీ మీద పడుతుంది. మామూలుగా ఇద్దరినీ నాస్తికులనే అంటాం గానీ తత్వశాస్త్రంలో కొందరు రెండోవాళ్లనే అలా పిలుస్తారు, పైగా మన పాత శాస్త్రాల్లో నాస్తికుడంటే వేదాన్ని ప్రమాణంగా ఒప్పుకోనివాడు (అందుకే బౌద్ధులనూ జైనులనూ ఆ లెక్కలో వేశారు), కాబట్టి వాదన మొదలుపెట్టే ముందు అవతలివాళ్లు ఏ అర్థంలో అంటున్నారో అడిగేయండి, సగం గొడవ అక్కడే తగ్గుతుంది.

ఇక రెండో ప్రశ్న. ఇంగ్లీషులో అగ్నోస్టిక్ అనే మాటను 1869లో ఇంగ్లండ్ జీవశాస్త్రవేత్త థామస్ హెన్రీ హక్స్లీ పుట్టించాడు. ఆయన దృష్టిలో అదొక పద్ధతి: ఆధారం లేనిదాన్ని ఖాయంగా తెలుసని చెప్పకూడదు. మనం వాడే 'అజ్ఞేయం' ఇంకా గట్టి మాట, తెలుసుకోవడానికి వీలే కానిది అని. అందుకని మీ జవాబు పక్కన ఇదీ రాసుకోండి: ఇప్పటికి తెలియదా, ఎప్పటికీ తెలిసే వీలే లేదా? ఈ సందేహం కొత్తదేం కాదు, ఋగ్వేదంలోని నాసదీయ సూక్తం సృష్టి ఎలా జరిగిందో పైనున్న అధ్యక్షుడికి తెలుసో, ఆయనకూ తెలియదో అని అడిగి ఆగిపోతుంది. నాకు చాలా ఇష్టమైన చోటు అది.

రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చూడండి. నమ్మకం లేదు, తెలుసనీ అనను అని వస్తే మీరు నాస్తికులూ, అజ్ఞేయవాదులూ కూడా. నమ్ముతాను గానీ నిరూపించలేను అనే భక్తుడు కూడా అజ్ఞేయవాదే. బ్రిటిష్ తత్వవేత్త బెర్ట్రండ్ రసెల్ 1947లో తన సంగతి ఇలాగే చెప్పుకున్నాడు: తత్వవేత్తల ముందైతే అజ్ఞేయవాదిననాలి, మామూలు జనం ముందైతే నాస్తికుణ్ణనాలి, ఎందుకంటే గ్రీకు పురాణ దేవతలు లేరని కూడా తను నిరూపించలేడు, అయినా వాళ్లను లెక్కలోకి తీసుకోడు.

ఒక్కటి గుర్తుంచుకోండి, అందరికీ ఇది తర్కంతో తేలిపోయే విషయం కాదు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోరాకు (గోపరాజు రామచంద్రరావు) నాస్తికత్వం బతికే తీరు, అంటరానితనం మీద పోరాటం, సహపంక్తి భోజనం. అలాంటివాళ్లను "నిరూపించగలవా?" అని అడిగితే అసలు విషయం పక్కకు పోతుంది.

ఇంట్లో అడిగినప్పుడు మాత్రం "తెలియదు" చాటున దాక్కోకండి. "నాకు నమ్మకం లేదమ్మా, అలాగని లేడని నిరూపిస్తాననీ అనడం లేదు, నువ్వు పూజ చేసుకుంటే నాకేం అభ్యంతరం లేదు" అని నెమ్మదిగా చెప్పండి. మొదట్లో టెన్షన్‌గానే ఉంటుంది. ఆవిడ ఇంకేమైనా అడిగితే కూర్చుని వినండి.