ప్రోస్టేట్ క్యాన్సర్ చికిత్స ఎంచుకునే ముందు లైంగిక జీవితం గురించి ఎలా ఆలోచించాలి?

ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలగానే "ముందు ప్రాణం దక్కనీ, మిగతావి తర్వాత" అనిపిస్తుంది. పడకగది సంగతి డాక్టర్ దగ్గర ఎత్తడానికి సిగ్గుపడి చాలామంది ఆ మాటతోనే సరిపెట్టుకుంటారు. కానీ ఈ జబ్బు వచ్చాక కూడా ఎంతోమంది ఏళ్ల తరబడి బతుకుతారు. ఆ ఏళ్లు ఎలా గడుస్తాయో ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టకముందే ఆలోచించుకోవాలి.

1. నిర్ణయానికి ఎంత టైం ఉందో అడగండి

గ్లీసన్ స్కోరు (ముక్క పరీక్షలో క్యాన్సర్ కణాలు ఎంత దూకుడుగా ఉన్నాయో చెప్పే అంకె), పీఎస్ఏ అనే రక్తపరీక్ష, గడ్డ ఎంతవరకు పాకింది అన్నవాటిని బట్టి రిస్కు తేలుస్తారు. గ్లీసన్ 6 వచ్చి, గడ్డ ప్రోస్టేట్ దాటకపోతే చాలాసార్లు వెంటనే చికిత్స అక్కర్లేదు. పరీక్షలు చేయిస్తూ కనిపెట్టుకుని ఉంటే సరిపోతుంది. రిస్కు ఎక్కువైతే మాత్రం క్యాన్సర్‌ను అదుపు చేయడానికే మొదటి చోటు ఇవ్వాలి.

2. ఏది పోతుందని భయమో విడదీసి చూడండి

నా ఉద్దేశంలో అసలు పని ఇదే. కోరిక, అంగస్తంభన, భావప్రాప్తి, వీర్యం, పిల్లలు పుట్టే అవకాశం: ఇవి ఐదు వేర్వేరు విషయాలు. ఒక్కో చికిత్స ఒక్కోదాన్ని దెబ్బతీస్తుంది. వీటిలో మీకు ఏది ముఖ్యమో కాగితం మీద రాసుకోండి. ఇప్పుడు మీ పరిస్థితి ఎలా ఉందో కూడా ఉన్నదున్నట్టు రాయండి. షుగర్, బీపీ, వయసు వల్ల అంగస్తంభన ఇప్పటికే తగ్గి ఉంటే చికిత్స తర్వాత కోలుకోవడం కష్టమవుతుంది.

3. ఏ చికిత్స ఏం చేస్తుందో తెలుసుకోండి

అంగస్తంభనకు కావలసిన నరాలు ప్రోస్టేట్‌కు రెండు పక్కలా ఆనుకుని వెళ్తాయి. వాటిని కాపాడుతూ ప్రోస్టేట్‌ను తీసేసే ఆపరేషన్ పద్ధతిని అమెరికా సర్జన్ పాట్రిక్ వాల్ష్ 1982లో మొదలుపెట్టారు. గడ్డ నరం పక్కనే ఉంటే అలా కుదరకపోవచ్చు. నరాలు మిగిలినా కోలుకోవడానికి రెండేళ్ల దాకా పట్టవచ్చు. ఆపరేషన్ తర్వాత వీర్యం రాదు, కానీ భావప్రాప్తి కలుగుతుంది. ఈ సంగతి ముందే తెలియక కంగారుపడేవాళ్లు ఉన్నారు. పిల్లలు కావాలనుకుంటే చికిత్స మొదలవకముందే వీర్యం భద్రపరచుకోవాలి.

రేడియేషన్ దెబ్బ నెమ్మదిగా, కొన్నేళ్ల మీద తెలుస్తుంది. మగ హార్మోన్‌ను అణిచే ఇంజెక్షన్లు (హార్మోన్ చికిత్స) కోరికనే తగ్గించేస్తాయి. అందుకే "రేడియేషన్ అయితే తేలిక" అని ఎవరైనా అంటే, దాంతోపాటు హార్మోన్ చికిత్స ఉంటుందా, ఎన్ని నెలలు అని తప్పకుండా అడగండి.

4. అంకెలు చూడండి, మీకు వర్తించేంత వరకే

బ్రిటన్‌లో జరిగిన ప్రొటెక్ట్ అనే అధ్యయనంలో 1,643 మందిని మూడు గుంపులు చేశారు: ఆపరేషన్, రేడియేషన్, వెంటనే చికిత్స లేకుండా పరీక్షలతో గమనింపు. మొదట్లో 67 శాతం మందికి సంభోగానికి సరిపడా అంగస్తంభన ఉండేది. ఆరు నెలలకు అది ఆపరేషన్ గుంపులో 12, రేడియేషన్ గుంపులో 22, గమనింపు గుంపులో 52 శాతమైంది. రేడియేషన్ గుంపుకు మొదట్లో హార్మోన్ చికిత్స కూడా ఇచ్చారు. ఆరేళ్లకు అవే అంకెలు 17, 27, 30. అంటే గమనింపులో ఉన్నా వయసు ప్రభావం తప్పదు, పైగా వాళ్లలో చాలామంది తర్వాత చికిత్స తీసుకున్నారు. పదిహేనేళ్లకు ఈ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు మూడు గుంపుల్లో కలిపి 3 శాతం లోపే. అయితే క్యాన్సర్ వేరే చోటికి పాకడం గమనింపు గుంపులో దాదాపు రెట్టింపు. ఈ రెండు మాటలూ కలిపే చదవాలి.

5. భార్యతో లేదా భాగస్వామితో కలిసి వెళ్లండి

ఆ ఐదింటిలో వాళ్లకు ఏది ముఖ్యమో మీరే ఊహించుకోకుండా నేరుగా అడగండి. తర్వాత డాక్టర్‌ను ఇవి అడగండి: నా గడ్డకు నరాలు కాపాడటం కుదురుతుందా? నా వయసువాళ్లలో మీ పేషెంట్లు ఎంతమంది కోలుకున్నారు? మూత్రం లీకవుతుందా?

అంగస్తంభన కోసం సిల్డెనాఫిల్ లాంటి మాత్రలు, వాక్యూమ్ పంపు, అంగంలో వేసుకునే ఇంజెక్షన్, చివరికి అంగంలో అమర్చే ఇంప్లాంట్ దాకా దారులున్నాయి. గుండె జబ్బుకు నైట్రేట్ మందులు వాడేవాళ్లు మాత్రం ఆ మాత్రలు వేసుకోకూడదు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. వీటిలో మీకు ఏది, ఎప్పుడు మొదలుపెట్టాలో చికిత్స తేదీ ఖరారు చేసే రోజే మాట్లాడుకోండి.