చవకగా దొరికిన పాత ఎలక్ట్రిక్ గిటార్: ఏ సమస్యకి ఏం చేయాలి

విజయనగరం, శ్రీకాకుళం వైపు పాత ఎలక్ట్రిక్ గిటార్ కావాలంటే ఒకప్పటి ఆర్కెస్ట్రా పార్టీల వాళ్లని, చర్చిల్లో వాయించే వాళ్లని అడగండి. కోల్‌కతా కంపెనీ గివ్‌సన్ గిటార్ల లాంటివి అటకల మీద ఉండిపోయి ఉంటాయి. "పాడైపోయింది బాబూ, బర్రుమంటంది" అని తక్కువకే ఇచ్చేస్తారు. నన్నడిగితే వాటిలో చాలావాటికి ఉన్న జబ్బు సెటప్ (నెక్ వంపు, తీగల ఎత్తు, శ్రుతి సర్దడం) లేకపోవడం ఒక్కటే.

కొనేటప్పుడు సొంత కేబుల్, స్టీలు స్కేలు, వీలైతే మల్టీమీటర్ తీసుకెళ్లండి. గిటార్‌ని కంటి దగ్గర పెట్టుకుని నెక్ (వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి భాగం) రెండు అంచుల వెంట చూడండి. ముందుకు కొంచెం వంగి ఉంటే భయం లేదు, సర్దుకోవచ్చు. మెలి తిరిగి ఉంటే మాత్రం ఎంత తక్కువకి ఇస్తానన్నా వద్దు. నెక్ లోపల వంపు సర్దే ఉక్కు కడ్డీ ఉంటుంది, దాన్ని ట్రస్ రాడ్ అంటారు, దాని నట్ తుప్పుపట్టి బిగిసిపోయినా అంతే. "అన్నా, ఒకసారి తిప్పి చూస్తానే" అని అడిగి, పావు చుట్టు వదులు చేసి మళ్లీ బిగించి చూడండి. కొన్ని పాత చవక గిటార్లలో తిప్పే రాడ్డే ఉండదు, లోపల ఉక్కు పట్టీ మాత్రమే ఉంటుంది, అలాంటివి నెక్ తిన్నగా ఉంటేనే కొనండి.

సమస్య: తీగ బర్రుమంటోంది

ముందు కొత్త తీగలు వేసి శ్రుతి చేయండి, 10 గేజ్ సెట్ (సన్న తీగ మందం 0.010 అంగుళాలు) చాలు. నెక్ వంపు తీగల లాగుడు మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి తుప్పు తీగలతో కొలిచిన కొలత దేనికీ పనికిరాదు. తర్వాత ఎక్కడ బర్రుమంటోందో వెతకండి, ఎందుకంటే కారణం అక్కడే దొరుకుతుంది.

మొదటి అయిదు ఫ్రెట్లలోనే (నెక్ మీది అడ్డ లోహపు మెట్లు) అయితే నెక్ మరీ తిన్నగా ఉంది, లేదా వెనక్కి వంగింది. లావు తీగని మొదటి ఫ్రెట్ దగ్గర ఒక వేలితో, నెక్ బాడీలో కలిసే చోట ఇంకో వేలితో నొక్కి పట్టుకుని ఏడో ఫ్రెట్ దగ్గర చూడండి. తీగకీ ఫ్రెట్‌కీ మధ్య 0.25 మిల్లీమీటర్ల సందు ఉండాలి. సందే లేకపోతే రాడ్‌ని పావు చుట్టు వదులు చేయండి, ఎక్కువుంటే పావు చుట్టు బిగించండి. ఒకేసారి అంతకంటే తిప్పొద్దు, మళ్లీ శ్రుతి చేసి మళ్లీ కొలవండి. మన తీరం తేమకి నెక్ వానాకాలంలో ఒకలా, ఎండాకాలంలో ఒకలా ఉంటుంది, అందుకే ఈ కొలత అప్పుడప్పుడూ చూసుకోవాల్సిందే.

ఏదో ఒక్క చోటే బర్రుమంటే పక్క ఫ్రెట్ పైకి లేచింది. మూడు ఫ్రెట్ల మీద ఆనేంత పొట్టి, తిన్నటి ఉక్కు ముక్క పెట్టి కదపండి. టకటక ఊగితే మధ్యది ఎత్తు. కొన్నిసార్లు దాని మీద చెక్క ముక్క పెట్టి మెల్లగా కొడితే దిగుతుంది, దిగకపోతేనే ఆకురాయి.

ఏ ఫ్రెట్టూ నొక్కకుండా మీటినప్పుడే బర్రుమంటే నట్ (ట్రస్ రాడ్‌ది కాదు, నెక్ పై చివర తీగలు ఆనే గాళ్ల పట్టీ) గాడి లోతైపోయింది. గాడిలో కొంచెం వంట సోడా వేసి, పైన సూపర్ గ్లూ చుక్క వేస్తే రాయిలా గట్టిపడుతుంది, తర్వాత సన్నగా గాడి తీసుకోవచ్చు.

సమస్య: నెక్ తిన్నగానే ఉంది, తీగలు మాత్రం ఎత్తు

12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ 2 మిల్లీమీటర్లు, సన్న తీగ 1.5 ఉంటే హాయిగా వాయించొచ్చు. బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే భాగం) పూర్తిగా దించినా ఇంకా ఎత్తుగానే ఉంటే నెక్ కోణం తేడా. బోల్టులు విప్పి, నెక్ కూర్చునే గుంటలో బ్రిడ్జి వైపు చివర విజిటింగ్ కార్డు ముక్క పెట్టి బిగించండి. కార్డు ముక్క ఏం చేస్తుందిలే అనుకోవద్దు, తేడా బాగా తెలుస్తుంది.

సమస్య: కింద శ్రుతి బాగుంది, పైకి వెళ్తే అపశ్రుతి

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ చేసేవాళ్లు మెట్లని మైనంలో నిలబెడతారు, స్వరం తేడా ఉంటే మెట్టునే జరుపుతారు. గిటార్ ఫ్రెట్లు చెక్కలో దిగ్గొట్టి ఉంటాయి, కదలవు, జరపాల్సింది బ్రిడ్జి మీద తీగ ఆనే చిన్న ముక్కని, అంటే శాడిల్‌ని. ట్యూనర్ యాప్ పెట్టుకుని 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగని నొక్కకుండా ఊరికే తాకి మీటితే వచ్చే స్వరం), తర్వాత అక్కడే నొక్కిన స్వరం చూడండి. నొక్కినది ఎక్కువ చూపిస్తే శాడిల్‌ని వెనక్కి, తక్కువైతే నెక్ వైపు. ఇది ఎత్తు సర్దాకే చేయాలి, ముందే చేస్తే మళ్లీ చేసుకోవాల్సి వస్తుంది.

సమస్య: శ్రుతి నిలవడం లేదు

కీ తిప్పుతుంటే "టింగ్" మని చప్పుడొస్తే తీగ నట్‌లో ఇరుక్కుంటోంది. గాడిలో పెన్సిల్ ముక్కు రుద్దండి.

సమస్య: గరగర, హమ్, షాక్

నాబ్ తిప్పితే గరగరమంటే లోపల మురికి. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి అటూ ఇటూ బాగా తిప్పండి. కిరోసిన్ పోయొద్దు. తీగల కింద ఉండి వాటి కదలికని పట్టేది పికప్, అందులో ఒకే చుట్ట ఉండే సింగిల్ కాయిల్ రకానికి కొంచెం హమ్ (గుయ్యిమనే మోత) మామూలే, తీగలు ముట్టుకుంటే తగ్గుతుంది. ముట్టుకున్నా తేడా లేకపోతే బ్రిడ్జి కింది గ్రౌండ్ వైరు తెగి ఉంటుంది, ముట్టుకుంటే పెరిగితే జాక్ (కేబుల్ గుచ్చే చోటు) దగ్గర రెండు వైర్లు తారుమారయ్యాయి. రెండూ సోల్డరింగ్‌తో పోయేవే.

తీగలు ముట్టుకుంటే జిల్లుమంటే మాత్రం వెంటనే ఆపేయండి. తప్పు గిటార్‌ది కాదు, ఆంప్ లేదా ఇంటి ఎర్తింగ్‌ది, ప్రాణం మీదకొస్తుంది. ఎలక్ట్రీషియన్ చూసి ఎర్త్ సరిచేసే వరకు అసలు వాయించొద్దు. మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల అడాప్టర్‌లో ఎప్పుడూ పెట్టొద్దు, ముఖ్యంగా పందిట్లో తడి నేల మీద.

సమస్య: ఒక పికప్ మోగడం లేదు

ముందు స్విచ్చికి కూడా క్లీనర్ కొట్టి చూడండి. అయినా మోగకపోతే పికప్ వైర్లు విడదీసి మల్టీమీటర్‌తో కొలవండి. సింగిల్ కాయిల్ చాలావరకు 5 నుంచి 8 కిలో ఓమ్‌లు చూపిస్తుంది. అసలేమీ చూపించకపోతే కాయిల్ తెగింది. చాలాసార్లు కాయిల్ బయటి కొస టంకం దగ్గరే తెగుతుంది, భూతద్దంతో వెతికి, కొస దొరికితే ఎనామిల్ గీకి అతికించండి. లోపలెక్కడో తెగితే మళ్లీ చుట్టించాలి. ఇందులో తీగ మందం సుమారు 0.06 మిల్లీమీటర్లే, ఫ్యాను కాయిళ్లకి వాడే తీగ పనికిరాదు, అందుకే ఆ ఖర్చు బేరం రోజే ధరలోంచి తీసేయించండి.