చుట్టాన్ని ఉదయగిరి దుర్గం ఎక్కించి, క్షేమంగా దించడం ఎలా?

సంక్రాంతికి వచ్చిన చుట్టం కనుమ నాటికి అరిసెలతో విసిగిపోయి, "ఇక్కడ ట్రెక్కింగ్ లాంటిదేమీ లేదా?" అంటాడు. నెల్లూరంటే చేపల పులుసు, వరిపొలాలే అనుకునేవాళ్ల ప్రశ్న ఇది. పడమటి వైపు వెలిగొండలున్నాయి. వాటిలో 3,079 అడుగుల ఎత్తున ఉదయగిరి దుర్గం ఉంది. ఇంటికొచ్చిన చాలామందిని నేను దాని మీదికి తీసుకెళ్లాను. ఎక్కించడం ఎవరైనా చేస్తారు. దించడం దగ్గరే అందరూ తప్పు చేస్తారు.

1. రోజు చూసుకోండి

సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య వెళ్లాలి. అంతకుముందు ఈశాన్య రుతుపవనాల వానలకు బండలు పాచిపట్టి ఉంటాయి. శివరాత్రి దాటితే ఎండ మన మాట వినదు. ముందురోజు సాయంత్రమే నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా వెళ్లి ఉదయగిరిలో పడుకోండి. దారి తెలిసిన మనిషిని ఊళ్లోనే మాట్లాడుకోండి. కొండమీద టెంట్ వేసుకుందామని చుట్టం అంటే వద్దనండి. నీళ్లు, పాములు, ఎలుగుబంట్లు, అటవీశాఖ అనుమతి అని నాలుగు కారణాలు చెప్పొచ్చు. నాకైతే ఇంకో కారణం కూడా ఉంది: రాత్రి నిద్రలేనివాడు పొద్దున కొండ దిగలేడు.

2. బ్యాగు సర్దండి

మనిషికి మూడు లీటర్ల నీళ్లు, టోపీ, తువ్వాలు, టార్చి, కట్టు కట్టుకోవడానికి గుడ్డ. తిండికి పులిహోర, అంతే. బ్రెడ్డు గొంతు దిగదు, చపాతీ తోలులా సాగుతుంది. మలై కాజా తేవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను. ఒకసారి తెచ్చారు, పాకం కారి చార్జరు దాకా వెళ్లింది. మజ్జిగ తెస్తే పొద్దున పదిలోపు తాగేయండి.

చేతికర్ర ఒకటి ఉండాలి. ఆన్‌లైన్లో జతగా దొరికే మడత కర్రలు నాకు నచ్చవు. రెండు చేతులూ వాటికే పోతాయి, పట్టు తప్పినప్పుడు నేలకు ఆనించడానికి చెయ్యే మిగలదు. భుజం ఎత్తు వెదురు కర్ర ఒకటి చాలు.

3. ఎక్కండి

వెలుగు రాకముందే బయల్దేరండి. మాట్లాడుతూ నడవగలిగినంత వేగం చాలు. చుట్టం ఆయాసపడి సిగ్గుపడితే రాయలవారి కథ చెప్పండి. 1513లో ముట్టడి మొదలుపెట్టిన శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఈ కోటను తీసుకునేసరికి 1514 వచ్చింది. అంత సైన్యానికే ఏడాదికి పైన పట్టిన కొండకు మనకు మూడు గంటలు పడితే తప్పులేదు. ఇక్కణ్ణుంచి తీసుకెళ్లిన బాలకృష్ణుడి విగ్రహం కోసమే ఆయన హంపిలో గుడి కట్టించాడు. పైన గోడలూ గుడీ మసీదూ చూసుకోండి, ఫొటోలు దిగండి.

కానీ పదిన్నరకు ఎక్కడ ఉంటే అక్కడి నుంచి వెనక్కి తిరగాలి. "ఇంకో పది నిమిషాలే కదా" అనేవాడి మాట వినకండి. ఆ పది నిమిషాలు దిగేటప్పుడు గంటవుతాయి.

4. దిగండి

ఇక్కడ నెమ్మదిగా చదవండి.

మా మేనల్లుడు హైదరాబాద్‌లో రోజూ జిమ్‌కి వెళతాడు. ఎక్కేటప్పుడు నాకంటే ముందున్నాడు. దిగడం మొదలుపెట్టిన అరగంటకు మోకాళ్లు కుట్టుమిషన్‌లా వణకడం మొదలుపెట్టాయి. "మామయ్యా, కాళ్లు నావి కావు" అన్నాడు. నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. రెండు నిమిషాల్లో కాలు జారి ఎండుగడ్డి దుబ్బు పట్టుకున్నాడు. దుబ్బు వేళ్లతో సహా ఊడొచ్చింది, వాడు ముళ్లకంపలో కూర్చున్నాడు. లేపేదాకా ఆ గడ్డి చేతిలోనే ఉంది.

కారణం తెలుసుకుంటే జాగ్రత్త వస్తుంది. ఎక్కేటప్పుడు తొడ కండరం దగ్గరకు ముడుచుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు సాగుతూ బరువు ఆపాలి. అది బ్రేకు పని. గుండెకు శ్రమ తెలియదు, ఆయాసం రాదు, అందుకే బాగానే ఉన్నామనుకుంటాం. కండరం మాత్రం లోపల దెబ్బతింటుంటుంది.

దిగేముందు ఐదు నిమిషాలు ఆగి బూటు లేసులు విప్పి మళ్లీ కట్టుకోవాలి. మడమ వెనక్కి ఆనేలా చీలమండ దగ్గర బిగించాలి. లేకపోతే అడుగడుక్కీ బొటనవేలు బూటు ముందుభాగానికి కొట్టుకుని గోరు నల్లబడుతుంది. తర్వాత బ్యాగు పట్టీలు బిగించాలి. నీళ్లు అయిపోయి సగం ఖాళీ అయిన బ్యాగు అటూ ఇటూ ఊగి మనిషిని లాగుతుంది. నీళ్లు కనీసం ఒక లీటరు దిగడానికే ఉంచుకోండి. పైనే తాగేస్తే కాళ్లతో పాటు తలా తిరుగుతుంది.

అడుగు చిన్నది వేయాలి, మోకాలు కొద్దిగా వంచి ఉంచాలి. భయపడ్డవాడు వెనక్కి వాలతాడు. వెనక్కి వాలితే పాదం ముందుకు జారుతుంది, ఇది ఎన్నిసార్లు చెప్పినా వినరు. ఒళ్లు పాదాల మీదే ఉండాలి. బాగా వాలుగా ఉన్నచోట పక్కకు తిరిగి, ఏటవాలుగా అటూ ఇటూ దిగాలి. అన్నిటికంటే మోసం బండ మీద పరుచుకున్న సన్నటి గులకరాళ్లు. చూడ్డానికి చదునుగా ఉంటుంది, కాలు పెడితే గోళీల మీద నడిచినట్టే. అక్కడ ముందు కర్రతో గీకి చూడండి, తర్వాత పాదం మొత్తం ఆనించండి. గడ్డినీ కొమ్మల్నీ నమ్మవద్దు. కదలదనిపించే రాయిని కూడా ముందు ఒకసారి కదిపి చూసుకోండి.

దారి తెలిసిన మనిషి ముందు, చుట్టం మధ్యలో, మీరు వెనక. ఒకరి కింద ఒకరు నిలువునా నడవకండి, పైవాడు తన్నిన రాయి కిందివాడి తలమీదికి వస్తుంది. రాయి దొర్లితే వెంటనే "రాయి!" అని గట్టిగా అరవాలి. మర్యాద చూసుకుని ఊరుకునే చుట్టాలున్నారు. కాళ్లు వణికితే ఆగండి. ఆగడమంటే కూర్చోవడం, నిలబడి ఫోన్ చూసుకోవడం కాదు. మరీ భయమేస్తే కూర్చుని పాకుతూ దిగమనండి. ప్యాంటు చిరిగితే చిరుగుతుంది.

5. ఊళ్లోకి వచ్చాక

ఉదయగిరి చెక్క చెంచాలు కొనిపించండి. భౌగోళిక గుర్తింపు ఉన్న సరుకు, బరువు లేదు. ఓపికుంటే మర్నాడు సీతారామపురం మీదుగా భైరవకోన వెళ్లి రాతిలో తొలిచిన ఎనిమిది గుళ్లు చూడొచ్చు. అయితే తొడల నొప్పి రెండోరోజే గట్టిగా పట్టుకుంటుందని ముందే చెప్పండి. బస్సులో తిరుగు ప్రయాణానికి లోయర్ బెర్తే బుక్ చేయండి. మా మేనల్లుడికి నేను అప్పర్ తీశాను, డ్రైవరూ క్లీనరూ కలిసి పైకెత్తారు.