పాత కారు ఇంజన్ కంప్యూటర్ రిపేరు తక్కువ ఖర్చులో: 4వ పాఠం, బ్యాటరీ బిగించగానే స్మాగ్ చెక్‌కి పోకండి

పోయిన పాఠంలో ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) పెట్టె బయటికి తీసేముందు బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పమన్నాను కదా, అందరూ అలాగే చేశారు. కాకపోతే మళ్ళీ బిగించాక చెక్ ఇంజన్ లైటు వెలగట్లేదు కదా అని అదేరోజు మధ్యాహ్నం స్మాగ్ చెక్‌కి (కాలిఫోర్నియాలో బండ్లకి చేసే కాలుష్య పరీక్ష) తీసుకెళ్ళి ఫెయిల్ కాగితం పట్టుకుని తిరిగొచ్చారు చాలామంది. ఆ ముక్క నేను ముందే చెప్పాల్సింది. అందుకే ఈ వారం సోల్డరింగ్ పక్కన పెడుతున్నా.

బ్యాటరీ విప్పితే కంప్యూటర్ రాసిపెట్టుకున్న తప్పుల కోడ్‌లతో పాటు రెడీనెస్ మానిటర్లు కూడా చెరిగిపోతాయి. పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్లు, గ్యాస్ (పెట్రోల్) ట్యాంకు ఆవిరిని పట్టి ఉంచే ఈవాప్, ఇలాంటివాటిని కంప్యూటర్ తనే ఒక్కోటి పరీక్షించి "ఇది చూసేశా" అని పెట్టుకునే గుర్తే మానిటర్. కాలిఫోర్నియాలో 2000, ఆ తర్వాతి మోడల్ గ్యాస్ కార్లకి పొగ గొట్టం దగ్గర కొలవడం లేదు, నేరుగా కంప్యూటర్‌నే అడుగుతారు. ఈవాప్ ఒక్కటి మిగిలుంటే వదిలేస్తారు, ఇంకేది మిగిలినా ఫెయిలే.

లైటు ఆరిపోవడం వేరు, బండి బాగవడం వేరు. టెస్ట్ రోజు పొద్దున స్కానర్ (కోడ్‌లు చదివి చెరిపే పరికరం) పెట్టి కోడ్ చెరిపేసి పరిగెత్తమని సలహా ఇచ్చేవాళ్ళని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది, ఎందుకంటే టెస్ట్ డబ్బులు పోయేది పాపం విన్నవాళ్ళకే. 2010, ఆ తర్వాతి మోడళ్ళయితే పర్మనెంట్ కోడ్‌లని ఇంకో రకం ఉంటాయి, అవి స్కానర్‌తో చెరిపినా పోవు, తప్పు పోయిందని కంప్యూటర్‌కి నమ్మకం కుదిరితేనే పోతాయి. 2019 జూలై నుంచి టెస్ట్‌లో వాటినీ చూస్తున్నారు, చెరిపాక 200 మైళ్ళు, 15 వార్మప్ సైకిళ్ళు (చల్లటి ఇంజన్ స్టార్టయి బాగా వేడెక్కితే ఒకటి) దాటితే మాత్రం పట్టించుకోరు.

మానిటర్లు నిండటానికి నేను చేసేది ఇది. ట్యాంకు సగం దగ్గర ఉంచుతా, నిండుగా ఉన్నా అడుగంటినా ఈవాప్ పరీక్ష మొదలవ్వదు. రాత్రంతా బండి కదపను. పొద్దున స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, కాసేపు ఊళ్ళో తిప్పి, ఫ్రీవే ఎక్కి గంటకి 55 మైళ్ళ దగ్గర ఓ పదిహేను నిమిషాలు నిలకడగా పోతా, ఎగ్జిట్ దగ్గర వెనక ఎవరూ లేరనుకుంటే గ్యాస్ పెడల్ వదిలేసి బ్రేక్ తొక్కకుండా దానంతటదే వేగం తగ్గనిస్తా. మా బే ఏరియాలో ఆదివారం పొద్దున్నే 280 ఫ్రీవే దీనికి బాగుంటుంది, 880 ఫ్రీవే మీద ట్రాఫిక్‌లో అయ్యే పని కాదు. మూడు నాలుగు రోజులు పట్టొచ్చు. హోండాల్లో చాలావాటికి స్కానర్ కూడా అక్కర్లేదు: స్టార్ట్ చెయ్యకుండా కీ ఆన్‌లో పెట్టి చూడండి, చెక్ ఇంజన్ లైటు ఇరవై సెకన్లలోపు ఆరిపోతే రెడీ, ఐదుసార్లు మిణుకుమంటే ఇంకా కాలేదు.

ఇంకో సంగతి, ఒకరు వాడిన ఈసీయూ కొని పెడితే సెల్ఫ్ తిరుగుతోంది గానీ స్టార్ట్ అవ్వట్లేదట. ఇమ్మొబిలైజర్ (తెలిసిన తాళం కాకపోతే ఇంజన్ స్టార్ట్ కానివ్వని దొంగతనం అడ్డు) ఉన్న బండిలో కంప్యూటర్ మారిస్తే మీ తాళం దానికి పరిచయం లేదు, జత కలిపించాలి. అసలు కొనేముందు మీ విన్ నంబర్ (బండి గుర్తింపు నంబర్) అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో కొట్టి, రీకాల్ (తయారీ లోపానికి కంపెనీ బండ్లు వెనక్కి పిలవడం) ఉందేమో చూడండి. 2005-2008 టొయోటా కరోలా, మాట్రిక్స్ బండ్లకి ఇంజన్ కంప్యూటర్‌లో సోల్డర్ పగుళ్ళ గురించి 2010లోనే రీకాల్ వచ్చింది, అలాంటిది ఉంటే డీలర్ ఊరికే చేస్తాడు.

నన్నడిగితే గ్రౌండ్ (కరెంటు బ్యాటరీ నెగెటివ్‌కి తిరిగొచ్చే దారి) చూడకుండా ఈసీయూ మీద ఒక్క డాలర్ కూడా పెట్టొద్దు. ఇంజన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి, మల్టీమీటర్ ఒక ప్రోబ్ బ్యాటరీ నెగెటివ్ పోస్ట్ మీద పెట్టండి (క్లాంపు మీద కాదు, పోస్ట్ మీదే), రెండోది ఈసీయూ కనెక్టర్ వెనకనుంచి గ్రౌండ్ పిన్‌కి ఆనించండి. 0.1 వోల్ట్ దాటకూడదు. మొన్న ఒక పాత బండిలో నాకు 0.62 చూపించింది, "కంప్యూటర్ పోయింది" అని షాపు వాళ్ళు తేల్చేసిన బండి అది. తీగ పట్టుకుని పోతే ఇంజన్ మీద ఒక బోల్టు, దానికింద రింగు టెర్మినల్ నిండా పచ్చటి చిలుము. వైరు బ్రష్‌తో రాగి మెరిసేదాకా రుద్ది బిగిస్తే 0.03కి దిగింది, అంతకుముందు వస్తున్న తప్పు కోడ్ మళ్ళీ రాలేదు.

ఇప్పుడు మీ పని. వరసగా నాలుగు రోజులు పొద్దున ఇంజన్ ఆపి ఉన్నప్పుడు ఒకసారి, నడుస్తున్నప్పుడు ఒకసారి బ్యాటరీ వోల్టేజ్, ఈసీయూకి ఉన్న ప్రతి గ్రౌండ్ పిన్ దగ్గర డ్రాప్ (పైన కొలిచిన వోల్టేజ్ తేడా), ఈసీయూ నుంచి సెన్సర్లకి పోయే 5 వోల్ట్‌లు, ఏ మానిటర్ ఏ రోజు నిండింది, అన్నీ కాగితం మీద రాయండి. 5 వోల్ట్‌లు తగ్గి కనిపిస్తే సెన్సర్లు ఒక్కొక్కటే ఊడదీస్తూ ఏది తీసినప్పుడు సరయ్యిందో కూడా రాసుకోండి. సోల్డరింగ్ ఐరన్ ఆ కాగితం నిండాకే బయటికి తీద్దాం.