పిల్లల యోగా క్లాసు పెట్టాలనుకుంటున్నారా?

2025 జూన్ 21న యోగా దినోత్సవానికి ఆర్కే బీచ్ నుంచి భోగాపురం వైపు రోడ్డంతా యోగా చాపలు పరిచారు కదా, ఆ తర్వాత మా విశాఖలో పిల్లలకు యోగా నేర్పించాలనే తల్లిదండ్రులు బాగా పెరిగారు. "మేమూ ఓ క్లాసు పెట్టుకుందామనుకుంటున్నాం మేడమ్, ఎలా మొదలుపెట్టాలి?" అని అడిగే ఆడవాళ్ళూ పెరిగారు. మద్దిలపాలెం దగ్గర ఒక అపార్ట్‌మెంట్ హాల్లో నేను పిల్లల క్లాసు నడుపుతున్నాను. అడిగినవాళ్ళకు ఫోన్లో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు చదువు. ఆంధ్రా యూనివర్సిటీలో యోగా కోర్సులున్నాయి. ఆయుష్ శాఖ కింద యోగా సర్టిఫికేషన్ బోర్డు పరీక్షలు పెడుతుంది, వాటిలో యోగా ప్రోటోకాల్ ఇన్‌స్ట్రక్టర్ పరీక్షతో మొదలుపెట్టవచ్చు. రేపు స్కూలువాళ్ళ దగ్గరకు వెళ్తే మొదట అడిగేది ఆ కాగితమే. అయితే పెద్దలకు నేర్పే కోర్సు చేసినంత మాత్రాన పిల్లల ముందు నిలబడలేం. ఎవరైనా అనుభవమున్న టీచర్ దగ్గర కొన్నాళ్ళు సహాయకురాలిగా ఉండండి, జీతం ఇవ్వకపోయినా సరే.

చోటు విషయంలో దాబా మీద ఆశ పెట్టుకోకండి. పిట్టగోడ పక్కన ఐదేళ్ళ పిల్లలతో వృక్షాసనం వేయించే ధైర్యం నాకైతే లేదు. పైగా మే నెలలో పొద్దున ఏడున్నరకే గచ్చు కాలిపోతుంది. హాలే మంచిది. బాత్రూమ్ మీకు కనిపించేంత దగ్గరలో ఉండాలి, టైల్స్ మీద చాప జారకూడదు. అసోసియేషన్ వాళ్ళు ఊరికే వాడుకోమన్నా సరే, ఎంతో కొంత అద్దె కట్టి రసీదు తీసుకోండి. ఊరికే ఇచ్చిన హాలు ఎవరింట్లోనో పుట్టినరోజు వస్తే ఆ సాయంత్రం మీకు దొరకదు. అద్దె కట్టిన హాలు గురించి గట్టిగా అడగగలరు.

ఐదు నుంచి ఏడేళ్ళవాళ్ళు ఒక బ్యాచ్, ఎనిమిది నుంచి పన్నెండేళ్ళవాళ్ళు ఇంకో బ్యాచ్. బ్యాచ్‌కి పన్నెండు మందే. పదమూడో పిల్ల వాళ్ళమ్మ ఎంత బతిమాలినా వెయిటింగ్ లిస్టులో రాసుకోండి. ఇరవై మందిని కూర్చోబెడితే ఆ నెల డబ్బు కనిపిస్తుంది, మూడో నెలకు సగంమంది మానేస్తారు. ఈ పని నిలబడేది కొత్తగా చేరేవాళ్ళతో కాదు, మానకుండా వచ్చే పిల్లలతో.

మరి పిల్లలు మానకుండా ఎందుకొస్తారు? క్లాసు సరదాగా ఉంటే వస్తారు. చిన్న బ్యాచ్‌కి నలభై నిమిషాలు చాలు. వచ్చీ రాగానే హాలంతా పరుగెత్తిస్తాను, చప్పట్లు కొట్టగానే ఎక్కడివాళ్ళక్కడ తాడాసనంలో ఆగాలి. తర్వాత ఒక కథ. అడవిలోకి వెళ్తున్నాం అంటే పిల్లి వస్తుంది, మార్జాలాసనం. పుట్ట పక్కన పాము, భుజంగాసనం. కుందేలుకు శశాంకాసనం, సింహానికి నాలుక బయటపెట్టి గర్జన. కప్ప వచ్చిందంటే ఎవరూ ఆగరు. ఒక మామ్మగారు వచ్చి, "ఏటమ్మా, మావోడు ఇంట్లో మంచాల మీద కప్పలా గెంతుతున్నాడు" అన్నారు. ఆ బాబు ఒక్క క్లాసు కూడా మానలేదు.

చివరి ఐదు నిమిషాలూ శవాసనం. కళ్ళు మూసుకోండి అంటే మూసుకోరు. అందుకని ఒక్కొక్కరి పొట్ట మీద చిన్న కాగితం పడవ పెడతాను. ఊపిరి పీలిస్తే పడవ లేస్తుంది, వదిలితే దిగుతుంది. పడవ పడిపోకుండా ఉండాలని వాళ్ళంతట వాళ్ళే నెమ్మదిగా ఊపిరి తీసుకుంటారు. హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించదు. తుమ్మెదలా ఝుమ్మనే భ్రామరి కూడా పిల్లలకు చాలా ఇష్టం. చిన్నవాళ్ళతో ఊపిరి బిగపట్టించే కుంభకం, గట్టిగా చేసే కపాలభాతి నేను చేయించను. శీర్షాసనం అసలే వద్దు, లేత మెడలు.

చేర్చుకునే రోజే ఒక ఫారం నింపించండి: ఆయాసం, ఫిట్స్, ఆపరేషన్లు, విరిగిన ఎముకలు, ఎవరు తీసుకెళ్తారు, వాళ్ళ ఫోన్ నంబరు. ఆ పేర్లలో లేనివాళ్ళతో పిల్లను పంపకండి, మేనమామనని చెప్పినా సరే, ముందు తల్లికి ఫోన్ చేయండి. స్కూలు నుంచి రాగానే పిల్లలు టిఫిను తింటారు కాబట్టి క్లాసు ఆరున్నరకు పెట్టుకుంటే మేలు. ఆసనం సరిచేయాలంటే "పట్టుకోనా నాన్నా?" అని అడిగాకే చెయ్యి వేయండి. తలుపు తీసే ఉంచండి, ఇంకో పెద్ద మనిషి హాల్లో ఉండాలి. పిల్లకు ఎవరివల్లైనా హాని జరుగుతోందని తెలిస్తే దాచకండి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం లైంగిక వేధింపు గురించి తెలిసీ చెప్పకపోవడం కూడా నేరమే. చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098 గోడ మీద రాసి పెట్టండి.

ఇక డబ్బు. నెలకు తొమ్మిది వందలు ఫీజు అనుకుందాం, రెండు బ్యాచ్‌లు నిండితే 21,600. హాలు అద్దె మూడు వేలు, సహాయానికి వచ్చే అమ్మాయికి ఐదు వేలు, చాపలకూ చిల్లర ఖర్చులకూ ఓ వెయ్యి తీసేస్తే పన్నెండు వేల ఆరు వందలు చేతికొస్తాయి. మార్చి పరీక్షలకు, దసరా, సంక్రాంతి ఊళ్ళకు పిల్లలు పోతారు, కాబట్టి ఏడాదికి పది నెలల ఆదాయమే లెక్కేసుకోండి. ఫీజు ఐదో తారీఖులోపు, ముందుగానే. అన్నాచెల్లెళ్ళుంటే రెండో పిల్లకు కొంచెం తగ్గించండి. రానిరోజులకు తిరిగివ్వడం మొదలుపెడితే ప్రతి నెలాఖరూ ఇదే పంచాయతీ. చిన్న వ్యాపారాలను నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్లో ఉచితం, ఏజెంటుకు డబ్బివ్వక్కర్లేదు. ఏడాది రాబడి ఇరవై లక్షలు దాటేదాకా జీఎస్టీ గొడవ లేదు.

తల్లిదండ్రులు అడిగేవి రెండే: ఎత్తు పెరుగుతాడా, మార్కులు పెరుగుతాయా? రెండింటికీ మాట ఇవ్వకండి. వీపు నిటారుగా పెట్టి కూర్చోవడం, కోపం వచ్చినప్పుడు ఊపిరి గమనించుకోవడం నేర్పుతానని చెప్పండి, అది మీ చేతిలో ఉంది. 2020 డిసెంబర్‌లో కేంద్రం యోగాసనాన్ని పోటీ క్రీడగా గుర్తించాక పతకాల మాట కూడా ఎక్కువైంది. పోటీకి తయారుచేయడం వేరే చదువు, వేరే శ్రమ. మీకు అది రాకపోతే వచ్చినవాళ్ళ దగ్గరికి పంపండి.

ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా వేసవి సెలవులు. పొద్దున ఆరున్నరకు మూడు వారాల క్యాంపు పెట్టండి, సగం ఫీజు ముందే తీసుకోండి. రెగ్యులర్ బ్యాచ్‌లో చేరే పిల్లలు ఎక్కువగా అక్కడినుంచే వస్తారు. స్కూల్లో పీరియడ్లు కావాలంటే ఫిబ్రవరిలోనే వెళ్ళి ప్రిన్సిపాల్‌ని కలవండి. జూన్ నాటికి టైంటేబుల్ అయిపోతుంది. పీరియడ్‌కి ఎంత, సెలవు రోజులకు ఎంత, ఒక్కసారికి ఎంతమంది పిల్లలు, ఇవన్నీ కాగితం మీద రాయించుకుని సంతకం అయ్యాకే మొదటి క్లాసుకు వెళ్ళండి.